అందిందన్న మాటకు పూచీ ఎవరిది?

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి ఒక పని పురమాయించి జవాబు కోసం చూస్తోంది. గడువు దాటింది, జవాబు రాలేదు. జరిగి ఉండడానికి అవకాశమున్నవి మూడు. పంపిన సందేశం అసలు చేరలేదు. లేదా చేరింది గానీ, పని పూర్తయ్యేలోపే అవతలి సర్వర్ ఆగిపోయింది. లేదా పని పూర్తయింది, జవాబు ఒక్కటే దారిలో పోయింది. పంపిన వైపు నుంచి చూస్తే ఈ మూడింటికీ తేడా తెలియదు. మళ్లీ పంపితే మూడో సందర్భంలో ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోతుంది. పంపకుండా ఊరుకుంటే మొదటి సందర్భంలో పనే జరగదు. పలు యంత్రాల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో సందేశాలు నమ్మకంగా చేరవేయడం గురించి యాభై ఏళ్లుగా వచ్చిన సిద్ధాంతాలు, ప్రొటోకాల్‌లు, ఉత్పత్తులు అన్నీ ఈ చిక్కు దగ్గరే మొదలయ్యాయి. అవన్నీ వరసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: నమ్మకాన్ని దారిలో వెతికిన ప్రతిసారీ మనం నిరాశపడ్డాం, కొసల్లో వెతికిన ప్రతిసారీ ఎంతో కొంత దొరికింది. ఏ క్షణాన ఆ సందేశానికి పూచీ ఎవరిది, వాళ్లు దాన్ని ఎంతకాలం గుర్తుంచుకుంటారు అన్నవే అసలు ప్రశ్నలు. ఏ క్యూ కొనాలి, మధ్యలో నిలిచి సందేశాలు చేరవేసే ఏ బ్రోకర్ వాడాలి అన్నవి వాటి తర్వాతే వస్తాయి.

ముందు సిద్ధాంతం సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని అవసరానికి మించి లాగడం మామూలైపోయింది. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ కలిసి రాసిన పత్రంలో ఈ సమస్య తొలిసారి అచ్చయింది. 1978లో జిమ్ గ్రే దానికి ఇద్దరు సేనాపతుల సమస్య అని పేరు పెట్టాడు. రెండు కొండల మీద రెండు దండులు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుపు. లోయగుండా పంపే వార్తాహరుడు పట్టుబడవచ్చు. ఎన్ని కబుర్లు, ఎన్ని తిరుగు కబుర్లు నడిచినా ఇద్దరికీ పూర్తి నిశ్చయం కలగదు. దాని రుజువు కూడా చిన్నదే: అతి తక్కువ కబుర్లతో పనిచేసే పద్ధతి ఒకటుందనుకుంటే, అందులో చివరి కబురు దారిలో పోయినా పద్ధతి పనిచేయాలి కదా. అలాంటప్పుడు ఆ చివరి కబురు అవసరమే లేదు. దాన్ని తీసేస్తే ఇంకా చిన్న పద్ధతి వస్తుంది, అంటే మొదటి ఊహ తప్పు. దీన్ని చూపించి, ఒక సందేశాన్ని సరిగ్గా ఒక్కసారే అమలు చేయడం గణితపరంగా అసాధ్యమని చాలామంది తేల్చేస్తారు. అది తొందరపాటు. ఒక నిర్ణీత వేళకు ఇద్దరికీ ఒకే నిశ్చయం కలగడం అసాధ్యమని మాత్రమే ఆ రుజువు చెబుతుంది. దారి ఎప్పటికీ మూసుకుపోనంత వరకు, పంపేవాడు విడవకుండా పంపుతూ ఉంటే సందేశం ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. అందుకున్నవాడికి చెరగని జ్ఞాపకం ఉంటే రెండోసారి వచ్చినదాన్ని పక్కన పెట్టగలడు. ఫిషర్, లించ్, ప్యాటర్సన్‌ల 1985 ఫలితాన్ని కూడా ఇక్కడికి లాక్కొస్తుంటారు. కానీ అది, సందేశాలు చేరడానికి కాలపరిమితి లేని వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా అందరూ ఏకాభిప్రాయానికి వస్తారని హామీ ఇవ్వలేమన్న సంగతి. దారిలో సందేశాలు పోవడంతో దానికి సంబంధం లేదు. ఏది అసాధ్యమో కచ్చితంగా తెలిస్తేనే మిగిలినదాన్ని సాధించే ప్రయత్నం మొదలవుతుంది.

దారిని బాగుచేస్తే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దీనికి గట్టి జవాబు సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ రాసిన కొస నుంచి కొసకు వాదంలో ఉంది. 1981లో సమావేశ పత్రంగా, 1984లో పత్రికా వ్యాసంగా వెలువడిన ఆ రచనలో ఎంఐటీలో జరిగిన ఒక సంఘటన ఉంది. అక్కడి నెట్‌వర్క్‌లో ఒక్కో అంచె దాటేటప్పుడు ప్యాకెట్ చెడిందేమో సరిచూసే ఏర్పాటు ఉండేది. దాన్ని నమ్ముకుని ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ వైపు నుంచి వేరే పరీక్ష పెట్టుకోలేదు. అయితే మధ్యలో ఉన్న ఒక గేట్‌వే కంప్యూటర్ లోపల, వచ్చిన డేటాను ఒక బఫర్ నుంచి ఇంకో బఫర్‌కి మార్చేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లు తారుమారయ్యేవి. తీగ మీద నడిచినంతసేపూ పరీక్ష సరిపోతోంది. చెడిపోతున్నది రెండు తీగల మధ్యన, యంత్రం కడుపులో. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు ఫైళ్లు ఆ దారిన పదేపదే ప్రయాణించి పాడయ్యాయి. చివరికి పాత కాగితపు ప్రతులు ముందేసుకుని చేత్తో సరిదిద్దుకోవలసి వచ్చింది. ఇది పాతకాలపు యంత్రాల లోపమని తోసిపుచ్చడానికి వీల్లేదు. 2000లో జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ అసలైన ఇంటర్నెట్ ప్యాకెట్లను పరిశీలిస్తే, 1100కు ఒకటి నుంచి 32000కు ఒకటి దాకా టీసీపీ తనిఖీలో తప్పుతున్నట్టు తేలింది, కింది అంచెలో అంతకంటే ఎంతో బలమైన తనిఖీ దాటి వచ్చాక కూడా. పైగా టీసీపీ ఇచ్చే రసీదుకు అర్థం చాలా పరిమితం. అవతలి ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లోకి బైట్లు వచ్చాయని మాత్రమే అది చెబుతుంది. వాటిని ప్రోగ్రాము చదివిందా, డేటాబేస్‌లో రాసిందా, రాసేలోపే కూలిందా అన్నది దానికి తెలియదు. నెట్‌వర్క్ నమ్మకమైనదే అన్న భ్రమతో రాసిన ప్రోగ్రాములు ఎక్కువగా తడబడేది ఈ సందులోనే.

ఈ సందు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే ఈమెయిల్ మంచి ఉదాహరణ. 1982 నాటి ఎస్‌ఎంటీపీ ప్రమాణం ప్రకారం పంపే సర్వర్ ఉత్తరం అంతా పంపి, చివర ఒక వరసలో చుక్క ఒక్కటే పెడుతుంది. అందుకున్న సర్వర్ ఉత్తరాన్ని భద్రపరచుకుని 250 అన్న సంఖ్యతో జవాబిస్తుంది. ఆ 250 ఇచ్చాక ఉత్తరం పూచీ అందుకున్న సర్వర్‌దే. దాన్ని ముందుకు చేరవేయాలి, చేతకాకపోతే ఆ సంగతి పంపినవారికి తెలియజేయాలి. మరి చుక్కకూ 250కీ మధ్య? ఆ కొద్దిసేపట్లో అందుకున్న సర్వర్ ఉత్తరాన్ని తీసుకుని పంపిణీ పని కూడా మొదలుపెట్టేస్తే, పని తెమిలేలోపు పంపిన సర్వర్ ఓపిక నశించి కనెక్షన్ తెంచేస్తుంది, కాసేపాగి మళ్లీ పంపుతుంది. ఒకే ఉత్తరం రెండుసార్లు, ఒక్కోసారి పదేపదే అందుతుంది. 1988లో పార్ట్రిడ్జ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1047 ఈ ఒక్క సమస్య గురించే. ఆయన సలహా సూటిగా ఉంటుంది: చుక్క కనిపించగానే వీలైనంత త్వరగా జవాబివ్వండి, మిగిలిన పని తర్వాత చేసుకోండి. 2008 నాటి ప్రమాణం, ఈ దశలో పంపే సర్వర్ పది నిమిషాలు ఆగాలని కూడా చెబుతుంది. ఇన్ని చేసినా ఆ సందు ఇరుకైంది గానీ మూసుకుపోలేదు. సందేహం వచ్చినప్పుడు ఏ వైపు మొగ్గాలో ఎస్‌ఎంటీపీ ముందే తేల్చుకుంది: పోవడం కంటే రెండు ప్రతులు రావడమే మేలు. ఉత్తరం విషయంలో అది సరైన నిర్ణయమే. అదే సూత్రాన్ని ఆలోచించకుండా డబ్బు బదిలీకి వర్తింపజేయలేం.

రెండో వైపు మొగ్గినవాళ్లూ ఉన్నారు. జిరాక్స్ పార్క్‌లో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లో ప్రచురించిన రిమోట్ ప్రొసీజర్ కాల్ పద్ధతిలో జవాబు వస్తే పని సరిగ్గా ఒకసారి జరిగినట్టు. లోపం వచ్చిందని తెలిస్తే ఒకసారి జరిగి ఉండవచ్చు, అసలు జరగకపోయి ఉండవచ్చు, ఏదన్నది చెప్పలేం. తనకు తెలియనిదాన్ని తెలియదని అంత స్పష్టంగా చెప్పిన నమూనాలు ఆ తర్వాత వచ్చినవాటిలో తక్కువ. ఇక చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ తయారుచేసిన ఎంక్యూటీటీ, మూడు హామీ స్థాయిలు ముందుంచి ఎంపిక వాడేవాళ్లకు వదిలింది. ఒకసారి పంపి మరిచిపోవడం, రసీదు వచ్చేదాకా పంపుతూ ఉండడం, నాలుగు ప్యాకెట్ల తంతుతో ఒక్కసారే అందజేయడం. ఈ మూడోది వినడానికి బాగుంటుంది. కానీ ఆ నాలుగు ప్యాకెట్ల ఒప్పందం పరికరానికీ బ్రోకర్‌కీ మధ్య ఒకటి, బ్రోకర్‌కీ చందాదారుకీ మధ్య ఇంకొకటి. అందుకున్న ప్రోగ్రాము ఆ సందేశంతో ఏం చేసిందన్నది ఏ అంచెకీ తెలియదు. ఎంఐటీ గేట్‌వే నేర్పిన పాఠమే ఇది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన సందేశాల బ్రోకర్ కాఫ్కా, 2017 జూన్‌లో విడుదలైన 0.11 వెర్షన్ నుంచి సరిగ్గా ఒక్కసారి అన్న హామీ ఇస్తోంది కదా అని. ఇస్తోంది, అది నిజం కూడా. అయితే అది ఎలా నెరవేరుతోందో చూడాలి. సందేశాలు పంపే ప్రతి ప్రోగ్రాముకీ ఒక గుర్తింపు సంఖ్య, ప్రతి సందేశానికీ ఒక వరస సంఖ్య ఉంటాయి. ఇంతకుముందే వచ్చిన వరస సంఖ్య మళ్లీ వస్తే బ్రోకర్ దాన్ని రెండోసారి రాయదు. ఒక సందేశాన్ని చదవడం, దాని ఫలితాన్ని ఇంకో టాపిక్‌లో రాయడం, ఎక్కడిదాకా చదివామో గుర్తు పెట్టుకోవడం, ఈ మూడింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా కట్టేస్తుంది. అంటే అది కూడా అందుకున్నవాడి జ్ఞాపకం మీదే నిలబడింది. గూగుల్ 2013లో వివరించిన మిల్‌వీల్ కూడా అంతే: ప్రతి రికార్డుకూ విశిష్టమైన గుర్తు, వచ్చినచోట అది పాతదా కొత్తదా అన్న పరీక్ష. కాఫ్కా హామీ కాఫ్కా గోడల లోపల పూర్తిగా నిలుస్తుంది. సందేశం చదివి బయట ఎక్కడో ఎస్సెమ్మెస్ పంపితే, పేమెంట్ గేట్‌వేని పిలిస్తే ఆ పని హామీ కిందికి రాదు. పంపే ప్రోగ్రామే కూలి మళ్లీ లేచి, ట్రాన్సాక్షన్ గుర్తు ఏదీ పెట్టుకోకుండా అదే సందేశాన్ని పంపితే, దానికి కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది, బ్రోకర్‌కి అది కొత్త సందేశమే. కాఫ్కా రూపకర్తలు ఈ హద్దుల్ని దాచలేదు. హద్దులు చదవకుండా హామీ ఒక్కటే చదివినవాళ్లు ఇబ్బంది పడ్డారు.

కాబట్టి చివరి బాధ్యత పని చేసే ప్రోగ్రాము మీదే పడుతుంది. ఎన్నిసార్లు అందినా ఒకసారి చేసినట్టే ఉండేలా దాన్ని రాయాలి, ఇంజనీర్లు ఐడెంపొటెన్సీ అనేది దీన్నే. ఇది చెప్పినంత సులువు కాదు, తప్పులు జరిగే చోట్లు కొన్ని మరీ మామూలు. మొదటిది, గుర్తు ఎక్కడ పుట్టాలన్నది. కస్టమర్ 'చెల్లించు' మీటను నొక్కిన క్షణంలో ఆ ఉద్దేశానికి ఒక గుర్తు పుట్టాలి, ఎన్నిసార్లు మళ్లీ పంపినా అదే గుర్తు వెళ్లాలి. పంపే ఫంక్షన్ లోపల గుర్తు తయారుచేస్తే ప్రతి ప్రయత్నానికీ కొత్తది పుడుతుంది, అవతలివైపు ఎంత పెద్ద జ్ఞాపకం ఉన్నా వృథా. రెండోది, గుర్తు చూసి, పని చేసి, తర్వాత గుర్తును నమోదు చేయడం. పనికీ నమోదుకీ మధ్య సర్వర్ కూలితే మళ్లీ అదే కథ. పైగా ఒకే సందేశం రెండు ప్రతులు ఏకకాలంలో వస్తే రెండూ చూసి, రెండూ లేదనుకుని, రెండూ చేసేస్తాయి. గుర్తు నమోదు, ఖాతాలో మార్పు ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి, ఆ గుర్తు రెండోసారి రాకుండా టేబుల్ మీద యూనిక్ నిబంధన ఉండాలి. రెండో ప్రతికి లోపం అని కాకుండా మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ ఇవ్వాలి. పంపే వైపు ఇదే జాగ్రత్త అవుట్‌బాక్స్ పద్ధతి. ఆర్డరును డేటాబేస్‌లో రాసి తర్వాత క్యూలో వేద్దామనుకుంటే మధ్యలో కూలే ప్రమాదం ఉంది, ముందు క్యూలో వేస్తే రాయని ఆర్డరు గురించి ఊరంతా చెప్పినట్టవుతుంది. అందుకే పంపాల్సిన సందేశాన్ని కూడా ఆర్డరుతో పాటే అదే డేటాబేస్‌లో ఒక వరసగా రాసి, వేరే ప్రోగ్రాము దాన్ని తీరిగ్గా క్యూలోకి చేరవేస్తుంది. ఇందులో డూప్లికేట్లు రావచ్చు గానీ పోవడం ఉండదు, డూప్లికేట్ల సంగతి అవతలి టేబుల్ చూసుకుంటుంది. పేరున్న ఉత్పత్తులన్నిటికంటే ఈ రెండు టేబుళ్లే ఎక్కువ నష్టాల్ని ఆపుతాయని నేను నమ్ముతాను.

ఇంత తంటా ఎందుకు, రెండు వైపులా కలిపి ఒకే ట్రాన్సాక్షన్ చేసేస్తే పోదా అని అడగవచ్చు. టూ-ఫేజ్ కమిట్ ఉన్నది అందుకే. దాని బలహీనత కూడా పాతదే: అందరూ సిద్ధమని చెప్పాక, తుది నిర్ణయం చెప్పాల్సిన సమన్వయకర్త కూలిపోతే మిగిలినవాళ్లు తాళాలు పట్టుకుని కూర్చుంటారు. గూగుల్ స్పానర్‌లో సమన్వయకర్తనే పలు యంత్రాల మీద ప్రతులుగా ఉంచి ఆ బలహీనతను చాలావరకు దాటారు, 2012 నాటి పత్రం ఆ సంగతి వివరిస్తుంది. దీన్ని నేను కాదనను. కానీ ఆ పరిష్కారం ఒకే యాజమాన్యం కింద ఉన్న యంత్రాలకు సరిపోతుంది. ఒక బ్యాంకు తన ఖాతాల తాళాలు ఇంకో బ్యాంకు సర్వర్ చేతికి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. సంస్థల సరిహద్దు దాటే చోట సందేశాలు, గుర్తులు, జ్ఞాపకాలే మిగులుతాయని పాట్ హెలాండ్ 2007లో చేసిన వాదనను ఇంతవరకు ఎవరూ పడగొట్టలేదు.

జ్ఞాపకం అన్నాక దానికి గడువు ఉంటుంది. ఈ విషయాన్ని తక్కువగా మాట్లాడతారు, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో 2016లో వచ్చిన ఫిఫో క్యూ, ఒకే గుర్తుతో మళ్లీ పంపిన సందేశాన్ని ఐదు నిమిషాల వరకే గుర్తుపడుతుంది. మీ ప్రోగ్రాము ఒక సందేశం పంపి, రసీదు రాకముందే ఆగిపోయి, అరగంట తర్వాత లేచి మళ్లీ పంపితే ఆ గడువు దాటిపోయినట్టే. చెల్లింపుల సంస్థ స్ట్రైప్ తన గుర్తుల్ని కనీసం 24 గంటలు ఉంచుతుంది. శుక్రవారం సాయంత్రం ఆగిపోయిన పనిని సోమవారం పొద్దున మళ్లీ నడిపించే అలవాటున్న ఆఫీసుకు 24 గంటలు చాలవు. కనుక మళ్లీ పంపే గరిష్ఠ గడువు కంటే గుర్తుంచుకునే గడువు ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. చాలా వ్యవస్థల్లో ఈ రెండు అంకెల్నీ వేర్వేరు బృందాలు, ఒకరికి తెలియకుండా ఒకరు నిర్ణయిస్తాయి.

జ్ఞాపకం దేని మీద రాసి ఉందన్నదీ ప్రశ్నే. డిస్కులో భద్రంగా రాశామని చెప్పే ఎఫ్‌సింక్ పిలుపు లినక్స్‌లో ఒకసారి విఫలమైతే, రెండోసారి పిలిచినప్పుడు రాయని డేటా గురించి కూడా విజయమని చెప్పవచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందం గుర్తించింది. ఆ తర్వాతి వెర్షన్లలో ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ మొత్తాన్ని ఆపి, లాగ్ నుంచి మళ్లీ కోలుకునేలా మార్చారు. కాఫ్కా మామూలుగా ప్రతి సందేశానికీ ఎఫ్‌సింక్ చేయదు, పలు యంత్రాల్లో ప్రతులు ఉండడాన్నే నమ్ముకుంటుంది. నెట్‌వర్క్ రెండు ముక్కలైనప్పుడు, రసీదు ఇచ్చిన సందేశాలు కూడా రాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్ క్లస్టర్ నుంచి పోతాయని 2014లో కైల్ కింగ్స్‌బరీ జెప్సన్ పరీక్షల్లో చూపించాడు. 2019లో రాఫ్ట్ అనే ఏకాభిప్రాయ పద్ధతి ఆధారంగా కోరమ్ క్యూలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. రసీదు ఇచ్చిన యంత్రం ఏ ఆధారంతో ఇచ్చిందో అడగకుండా దాన్ని నమ్మడం తగదు.

మళ్లీ మళ్లీ పంపడానికీ ఒక మూల్యం ఉంది. మూడు అంచెల వ్యవస్థలో ప్రతి అంచె మూడేసి ప్రయత్నాలు చేస్తే, అడుగున ఉన్న డేటాబేస్ మీద ఒక్క కోరికకు 27 పిలుపులు పడతాయి, అదీ అది నీరసించి ఉన్న సమయంలో. ఆగే వ్యవధిని రెట్టింపు చేస్తూ పోవడం, అందరూ ఒకే క్షణంలో పంపకుండా ఆ వ్యవధిని కాస్త అటూ ఇటూ చెదరగొట్టడం, ఏదో ఒక్క అంచెలోనే మళ్లీ పంపే అధికారం ఉంచడం ఇప్పుడు అంగీకృతమైన మందులు. ఎన్నిసార్లు ఇచ్చినా మింగుడుపడని సందేశాన్ని పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూ కూడా అవసరమే, దాన్ని రోజూ తెరిచి చూసే మనిషి ఉంటే.

ఇదంతా ప్రతి అప్లికేషన్ రాసేవాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం, మిడిల్‌వేర్ చూసుకోవాలి అన్నది చివరి అభ్యంతరం, న్యాయమైనది కూడా. చిన్న బృందాలకు ఇంత శ్రద్ధ పెట్టే తీరిక ఉండదు. మిడిల్‌వేర్ చాలా చేయగలదు: గుర్తుల్ని మోసుకెళ్లగలదు, అవుట్‌బాక్స్‌ను తనే నడపగలదు, డూప్లికేట్లను చాలావరకు ఏరేయగలదు. దారిలో చేసే ఈ సాయాన్ని కొస నుంచి కొసకు వాదం కూడా వద్దనలేదు, పని వేగంగా జరగడానికి అది పనికొస్తుందనే చెప్పింది. కానీ ఒకే కస్టమర్ ఒకే మొత్తాన్ని అదే దుకాణానికి రెండు నిమిషాల్లో రెండుసార్లు పంపితే అది పొరపాటా, రెండో కొనుగోలా అన్నది ఏ మిడిల్‌వేర్‌కీ తెలియదు. ఆ తెలివిడి వ్యాపారం తెలిసిన ప్రోగ్రాముకే ఉంటుంది.

ఈ వాదన మొత్తానికీ మన చుట్టూ ఉన్న అతిపెద్ద నిదర్శనం యూపీఐ. 2016లో మొదలై, 2023 ఆగస్టులో తొలిసారి నెలకు 1000 కోట్ల లావాదేవీలు దాటింది. పంపేవారి బ్యాంకు డబ్బు తీసేస్తుంది, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అందుకునేవారి బ్యాంకును జమ చేయమంటుంది, ఆ బ్యాంకు నుంచి జవాబు రాదు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన మూడు అవకాశాలూ అక్కడ నిజంగా ఎదురవుతాయి. రెండు బ్యాంకుల మధ్య ఉమ్మడి ట్రాన్సాక్షన్ లేదు. ప్రతి లావాదేవీకీ ఒక గుర్తు ఉంది, ఇరువైపులా ఖాతా పుస్తకాలున్నాయి, ఆ రెండింటినీ పోల్చి తేల్చే పద్ధతి ఉంది. దానికి గడువు కూడా ఉంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతా నుంచి ఖాతాకు పంపిన డబ్బు జమ కాకపోతే మర్నాటిలోగా దానంతటదే వెనక్కి రావాలి. దుకాణంలో చెల్లించినది ఖరారు కాకపోతే ఐదు రోజులు గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ తేల్చలేని సందేహానికి పూచీ ఎవరిదో, ఎంతలోగా తేల్చాలో, తేల్చకపోతే ఎంత కట్టాలో ఈ ఉత్తర్వు రాతపూర్వకంగా చెప్పింది. క్యూలు, ఏపీఐలు అమ్మే సంస్థలకు, సొంతంగా కట్టుకునే బృందాలకు నా విజ్ఞప్తి కూడా ఆ స్థాయిలోనే: మీ రసీదు ఏ దశలో వెళ్తుందో, గుర్తుల్ని ఎంతకాలం ఉంచుతారో, లెక్కలు తేడా వస్తే ఎవరు ఎప్పటిలోగా సరిచూస్తారో డాక్యుమెంటు మొదటి పేజీలో రాయండి.